కంపు ఎక్కడికి పోతుంది?

వంటగ్యాస్ లీకైనప్పుడు మన ముక్కుకు తగిలే కంపు గ్యాస్‌ది కాదు. సిలిండర్లలోకి ఎక్కించే ముందు పనిగట్టుకుని కలిపిన ఇథైల్ మెర్కాప్టాన్‌ది. గాలిలో వంద కోట్ల పాళ్లకు ఒకటో రెండో పాళ్లున్నా మనిషి ముక్కు దాన్ని పసిగట్టేస్తుంది. గ్యాస్ గాలిలో సుమారు రెండు శాతానికి చేరితే నిప్పంటుకుంటుంది కాబట్టి, అందులో ఐదోవంతు చేరేసరికే వాసన తెలిసిపోవాలన్నది నియమం. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. ఆ జాతి మెర్కాప్టాన్లనే అంతకుముందు రిఫైనరీలో కాస్టిక్ సోడాతో కడిగి తీసేస్తారన్న సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు.

జంషెడ్‌పూర్ కద్మాలోని మా ఇంట్లో ఈ మాట చెబితే మా అమ్మ నమ్మలేదు. "తీసీసిన కంపునే మళ్లీ కలపడమేటే? ఎవులికి పన్లేక?" అంది. అమ్మ పుట్టింది శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర, ఉప్పుమడుల పక్కన. నాన్న ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడినా ఆ యాస పోలేదు.

"ముడిచమురుతో వచ్చే కంపు ఇవాళ ఎంతుంటుందో, రేపు ఎంతుంటుందో లెక్క ఉండదమ్మా. అది రెగ్యులేటర్లో ఇత్తడిని తినేస్తుంది, రాగిని నల్లగా చేస్తుంది. అందుకని మొత్తం తీసేసి, మనకు కావలసినంతే కొలిచి పోస్తారు" అన్నాను. అమ్మ కాసేపు ఆలోచించి, "సరే, మరి తీసిందంతా ఏటి సేస్తారు?" అని అడిగింది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. రిఫైనరీ ల్యాబ్‌లో కెమిస్టుగా పనిచేసిన నాకు తెలిసి, ఇంధనాల శుద్ధి గురించి అడగవలసిన అసలు ప్రశ్న అదే. దాన్ని బయటివాళ్లు అడగరు. లోపలివాళ్లు కొందరు వినపడనట్టు ఊరుకుంటారు.

మొదట ఆ కంపు ఎక్కడిదో చూద్దాం. ముడిచమురులో గంధకం ఉంటుంది. గల్ఫ్ దేశాల చమురులో ఎక్కువ, మన అస్సాం చమురులో తక్కువ. చమురును కాచి విడగొట్టేటప్పుడు, బరువైన నూనెను అధిక వేడిలో చిన్న అణువులుగా విరగ్గొట్టేటప్పుడు ఆ గంధకంలో కొంత హైడ్రోజన్ సల్ఫైడ్‌గా, కొంత మెర్కాప్టాన్లుగా మారి గ్యాస్‌లోకి, పెట్రోల్‌లోకి, కిరసనాయిల్లోకి చేరుతుంది. మొదటిది కుళ్లిన కోడిగుడ్డు కంపు, రెండోది కుళ్లిన క్యాబేజీ కంపు. రెండింటికీ కాస్తోకూస్తో ఆమ్లగుణం ఉంది. కాస్టిక్ సోడా బలమైన క్షారం. రెండూ కలిస్తే ఆమ్లగుణం ఉన్న గంధకపు పదార్థం సోడియం లవణంగా మారి నూనెను వదిలేసి నీళ్లలోకి దిగుతుంది. నూనె పైన, కాస్టిక్ కింద రెండు పొరలుగా తేరుకుంటాయి. మజ్జిగ చిలికి వెన్న తేలేదాకా ఆగినట్టే ఇక్కడా మొదట చిలకాలి, తర్వాత ఆగాలి. చిలకడం చాలకపోతే కంపు దిగదు. మరీ ఎక్కువైతే పొరలు విడివడవు.

కాస్టిక్ సోడా పుట్టేది ఉప్పులోంచే. ఉప్పునీటిలో కరెంటు పంపితే ఒకవైపు క్లోరిన్, మరోవైపు హైడ్రోజన్, కాస్టిక్ వస్తాయి. మా అమ్మమ్మ ఊరి మడుల్లో ఎండిన ఉప్పుకీ రిఫైనరీ ట్యాంకులోని కాస్టిక్‌కీ మధ్య ఉన్న దూరం అంతే.

1860ల్లో అమెరికాలో దీపాలకు కిరసనాయిలు తయారుచేసిన తొలితరం వాళ్లు కూడా నూనెను మొదట గంధకామ్లంతో, ఆ తర్వాత కాస్టిక్‌తో కడిగేవారు. ఆ తర్వాత కాస్టిక్‌లో సీసపు ఆక్సైడును కరిగించి వాడే డాక్టర్ పద్ధతి వచ్చింది. సీసం వల్ల చేటు ఉన్నా చాలాకాలం అదే నడిచింది. 1958లో అమెరికాలోని యూవోపీ సంస్థ మెరాక్స్ పద్ధతి తెచ్చాక పరిస్థితి మారింది. కాస్టిక్‌లో కోబాల్ట్ థాలోసయనిన్ అనే నీలిరంగు పదార్థాన్ని చాలా కొద్దిగా కలుపుతారు. మెర్కాప్టాన్లను పీల్చుకున్న ఆ కాస్టిక్‌లోకి గాలి పంపితే, నీలిరంగు కెటలిస్టు సాయంతో రెండేసి మెర్కాప్టాన్లు జతపడి డైసల్ఫైడ్ నూనెగా మారతాయి. అది కాస్టిక్‌లో కరగదు కాబట్టి పైకి తేలుతుంది. దాన్ని తీసేస్తే కాస్టిక్ మళ్లీ పనికొస్తుంది. అలా ఒకే కాస్టిక్‌ను నెలల తరబడి తిప్పి తిప్పి వాడతారు. ఇలాంటి కెటలిస్టును డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థ థాక్స్‌క్యాట్ పేరుతో మన దేశంలోనే తయారుచేసింది. ఆ శాస్త్రవేత్తల పేర్లు పాఠ్యపుస్తకాల్లో ఉండవలసినవని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. వంటగ్యాస్‌లో ఉండే మెర్కాప్టాన్లు చిన్నవి, కాస్టిక్‌లో తేలిగ్గా కరుగుతాయి. అందుకని గ్యాస్‌లోంచి గంధకం నిజంగానే బయటికి పోతుంది. పెట్రోల్‌లో, కిరసనాయిల్లో ఉండేవి పెద్దవి, నూనెను వదలవు. వాటిని అక్కడికక్కడే గాలితో డైసల్ఫైడ్‌గా మార్చి నూనెలోనే ఉంచేస్తారు. కంపు పోతుంది, లోహాన్ని తినే గుణం పోతుంది, గంధకం మాత్రం పిసరంత కూడా తగ్గదు. బండి ఇంజన్లో కాలాక అది పొగగొట్టంలోంచి మన ఊపిరితిత్తుల్లోకే వస్తుంది. ఒకప్పుడు ఇది చెల్లింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ఇంధనమే అమ్మాలి. అంటే పెట్రోల్, డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లు మించకూడదు. అంతకుముందు బీఎస్-4లో 50 దాకా ఉండనిచ్చేవారు. కాస్టిక్ ఒక్కదాని వల్ల 10కి దిగడం సాధ్యం కాదు. 300 డిగ్రీల పైన, ఎక్కువ పీడనంలో హైడ్రోజన్ పంపి గంధకాన్ని ఊడదీయాల్సిందే. అందుకే రిఫైనరీలు వేల కోట్లు పోసి హైడ్రోజన్ యూనిట్లు కట్టుకున్నాయి. 1957లో కాల్టెక్స్ కంపెనీ మొదలుపెట్టగా తర్వాత హిందుస్థాన్ పెట్రోలియం చేతికొచ్చిన మన విశాఖ రిఫైనరీ అయినా, 2016లో జాతికి అంకితమైన పారాదీప్ అయినా ఈ దారిలో నడవక తప్పలేదు.

అలాగని కాస్టిక్ పని అయిపోలేదు. గ్యాస్‌ను కడగడానికి దానికంటే చవకైనది లేదు. విమాన ఇంధనం సంగతి ఇంకా సున్నితం. అందులో మెర్కాప్టాన్ గంధకం 0.003 శాతం దాటకూడదు. దాటితే ట్యాంకులోని రబ్బరు సీళ్లు, కాడ్మియం పూతలు పాడవుతాయి. పైగా విమానాలకు వాడే ఆ కిరసనాయిల్లో నాఫ్తెనిక్ ఆమ్లాలుంటాయి. అవి కాస్టిక్‌తో కలిస్తే అచ్చమైన సబ్బు తయారవుతుంది. ఆ సబ్బు నూనెలో మిగిలితే నీళ్లు నూనెనుంచి విడిపోవు. వేల అడుగుల ఎత్తున ఆ నీళ్లు గడ్డకడితే ఫిల్టరు మూసుకుపోతుంది. అందుకని అక్కడ కాస్టిక్‌ను రెండు శాతం దాకా పలచన చేసి వాడతారు, హైవోల్టేజీ కరెంటుతో బొట్లను కలిపి కిందికి దింపుతారు, ఆ తర్వాత నీళ్లతో కడిగి, ఉప్పురాళ్ల గుట్టలోంచి పంపి తేమ లాగేసి, చివరికి బంకమన్ను పొరలోంచి వడపోస్తారు. అంత పెద్ద కర్మాగారంలో ఆఖరి కాపలా ఉప్పుకీ మట్టికీ అప్పగించడం చూసినప్పుడల్లా నాకు ఆ పని కనిపెట్టినవాళ్ల మీద గౌరవం పెరిగేది.

ఇంధనం శుభ్రపడిందని తేల్చేది ల్యాబ్. నాకు అన్నింటికంటే ఇష్టమైనది రాగిరేకు పరీక్ష. మూడంగుళాల పొడవు, అరంగుళం వెడల్పు ఉన్న రాగిరేకును గరుకు కాగితంతో అన్ని వైపులా తోమాలి. ఆఖరి మెరుగు పెట్టేటప్పుడు వేలు తగలకూడదు. చెమట మరక పడితే పరీక్ష పోయినట్టే. తోమిన రేకును వెంటనే ఐసోఆక్టేన్‌లో ముంచి, పరీక్ష గొట్టంలో 30 మిల్లీలీటర్ల పెట్రోల్ పోసి అందులోకి జార్చి, 50 డిగ్రీల వేడినీటి తొట్టెలో మూడు గంటలుంచాలి. విమాన ఇంధనానికైతే 100 డిగ్రీల్లో రెండు గంటలు. తీశాక రంగుల పట్టీ పక్కన పెట్టి చూడాలి. లేత నారింజ ఛాయ ఉంటే ఒకటో నంబరు, పాసు. వంగపండు రంగో వెండి మెరుపో తిరిగితే రెండు. ఎరుపూ పచ్చా కలగలిసి నెమలికంఠం రంగు వస్తే మూడు. నల్లబడితే నాలుగు. పెట్రోల్ ఒకటో నంబరు దాటకూడదు. లక్షల రూపాయల పరికరాలు పక్కనే ఉన్నా, ట్యాంకు విడుదల చేయాలో ఆపాలో ఆ చిన్న రేకు చెప్పేది. జంషెడ్‌పూర్ నుంచి రైల్లో వెళితే ఘాట్‌శిలా వస్తుంది. అక్కడి మౌభండార్ రాగి కర్మాగారం 1972 నుంచి హిందుస్థాన్ కాపర్‌ది. చిన్నప్పుడు ఆ చిమ్నీని కిటికీలోంచి చూస్తూ పెరిగినదాన్ని కాబట్టేమో, రాగి చెప్పే మాట మీద నాకు మొదటినుంచీ గురి.

డాక్టర్ పరీక్ష ఇంకా తేలిక. సీసాలో శాంపిలు, సీసం కరిగిన కాస్టిక్ పోసి పావు నిమిషం కుదిపి, చిటికెడు గంధకం పొడి వేసి మళ్లీ కుదపాలి. రెండు పొరల మధ్య గంధకం పసుపుగానే ఉంటే శాంపిలు స్వీటు. గోధుమరంగుకో నలుపుకో తిరిగితే సోరు, అంటే మెర్కాప్టాన్ ఇంకా ఉంది. సీసాను కుదపబోయే ముందు కళ్లద్దాలు పెట్టుకున్నారో లేదో చూడకుండా నేను ఏ ట్రైనీనీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

మా అమ్మ ప్రశ్నకు వస్తాను. కాస్టిక్ గంధకాన్ని చంపదు, తనలోకి తీసుకుంటుంది. డైసల్ఫైడ్ నూనెకు దారి ఉంది. దాన్ని హైడ్రోజన్ యూనిట్‌కి పంపితే హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది, అక్కడినుంచి గంధకం యూనిట్‌లో పసుపుపచ్చని గంధకంగా గడ్డకడుతుంది, ఎరువుల కంపెనీలు కొనుక్కుంటాయి. చిక్కంతా వాడేసిన కాస్టిక్‌తోనే. ఎంత తిప్పి వాడినా ఏదో ఒకరోజు దాని బలం తీరిపోతుంది. అప్పుడది నల్లగా, చిక్కగా, సల్ఫైడ్లు, మెర్కాప్టాన్ లవణాలు, ఫినాల్ లవణాలు నిండిపోయి ఉంటుంది. పీహెచ్ 12 పైమాటే. రిఫైనరీలోని మురుగునీటిని శుద్ధి చేసే సూక్ష్మజీవులకు అది గుక్కెడు ఎక్కువైనా చచ్చిపోతాయి. ఒళ్లు దాచుకోకుండా చేసే పద్ధతి ఒకటుంది. అధిక పీడనంలో, 200 డిగ్రీల ప్రాంతంలో గాలి పంపి సల్ఫైడ్లను సల్ఫేటుగా మార్చేస్తారు. కంపు నిజంగా అంతమయ్యేది అక్కడ. ఖర్చెక్కువ. సల్ఫైడ్ ఎక్కువున్న రకాన్ని కాగితం మిల్లులు కొనడమూ ఉంది, కలపగుజ్జు వండడానికి వాటికి అదే కావాలి. అడ్డదారి ఇంకొకటి. యాసిడ్ పోసి తటస్థం చేస్తామంటారు. మూతలేని చోట యాసిడ్ పోశారంటే లోపల బంధించిన హైడ్రోజన్ సల్ఫైడ్, మెర్కాప్టాన్లు ఒక్కసారిగా బయటికొస్తాయి.

ఆ అడ్డదారి ఎటు తీస్తుందో 2006లో ప్రపంచం చూసింది. ట్రాఫిగురా అనే చమురు వ్యాపార సంస్థ మెక్సికోలోని ఒక రిఫైనరీ నుంచి గంధకం నిండిన కోకర్ నాఫ్తాను చవగ్గా కొంది. కడగడానికి రిఫైనరీకి పంపకుండా, ప్రోబో కోలా అనే ఓడలోనే, సముద్రం మీదే కాస్టిక్ పోసి కడిగించింది. నూనె అమ్ముడుపోయింది, అడుగున కాస్టిక్ మడ్డి మిగిలింది. ఆమ్‌స్టర్‌డామ్ రేవులో దించబోతే కంపు ఊరంతా కమ్మింది. ఘనపు మీటరుకు 27 యూరోలన్న ధర, అసలు సరుకేమిటో తేలాక 1,000 యూరోలకు చేరింది. ఓడ మడ్డిని వెనక్కి ఎక్కించుకుని వెళ్లిపోయింది. ఆగస్టు 19న పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో, అబిజాన్ రేవులో ఒక స్థానిక కాంట్రాక్టరుకు అప్పగించింది. ఆ రాత్రే ట్యాంకర్లు దాన్ని ఊరి చెత్తదిబ్బల్లో, కాలువల్లో, రోడ్ల పక్కన పారబోశాయి. తెల్లారేసరికి జనం కళ్లమంటలతో, వాంతులతో ఆసుపత్రులకు పరుగెత్తారు. లక్షమందికి పైగా వైద్యం కోసం వచ్చారు, 15 మందికి పైగా చనిపోయారని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఆ మడ్డి వల్ల అంత హాని జరగదని కంపెనీ వాదించింది. అయినా 2009లో లండన్‌లో సుమారు 30,000 మంది బాధితులకు మూడు కోట్ల పౌండ్లు ఇచ్చి రాజీ చేసుకుంది. నేను ల్యాబ్‌లో ఎన్నోసార్లు రాసిన రసాయన సమీకరణమే ఆ చెత్తదిబ్బ మీదా పనిచేసింది. అక్కడ గాలి పీల్చిన పిల్లలకు ఆ కంపు దేనిదో చెప్పినవాళ్లే లేరు.

జంషెడ్‌పూర్‌లో రిఫైనరీ లేదు, మరి ఇక్కడ కూర్చుని ఇదంతా ఎందుకు అని అడిగిన మిత్రులున్నారు. మా నాన్న కోక్ ఓవెన్లలో పనిచేశారు. డ్యూటీ దిగి వస్తే చొక్కాలో తారు, నాఫ్తలిన్ కలిసిన వాసన. గాలి తగలకుండా బొగ్గును వెయ్యి డిగ్రీల పైన కాల్చితే కోక్‌తో పాటు గ్యాస్, తారు, బెంజాల్ వస్తాయి. బెంజాల్ ఒకప్పుడు మోటారు ఇంధనం కూడా. దాన్నీ గంధకామ్లంతో, తర్వాత కాస్టిక్‌తో కడిగేవారు. తారులోంచి తీసిన కార్బాలిక్ నూనెను పలచటి కాస్టిక్‌తో కడిగితే ఫినాల్ నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లలోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే మళ్లీ ఫినాల్‌గా బయటపడుతుంది. బొగ్గుకైనా చమురుకైనా కడిగే తీరు ఒక్కటే. సోనారీ దగ్గర దోముహానీలో ఖర్కయీ, సువర్ణరేఖ కలుస్తాయి. ఛఠ్ పండక్కి అక్కడ నీళ్లలో దిగి నిలబడే ఆడవాళ్లలో మా వీధి తెలుగువాళ్లూ ఉంటారు. ఏ ఫ్యాక్టరీ ఏది కడిగినా ఆ కడుగునీళ్లు ఎటు పోతున్నాయో అడిగే హక్కు వాళ్లకుంది.

ఇంకో కారణం, ఈ ఊరు ఉక్కుది. కాస్టిక్‌కీ ఉక్కుకీ మధ్య పాత వైరం ఉంది. మామూలు ఉక్కు గొట్టాల్లో కాస్టిక్ హాయిగా పారుతుంది, వేడి తగలనంతవరకే. పలచటి కాస్టిక్ అయితే 80 డిగ్రీల దాకా ఫరవాలేదు, 50 శాతం గాఢత ఉంటే 50 డిగ్రీల లోపే ఉండాలి. దాటితే వెల్డింగు పక్కన, లోహంలో లాగుడు మిగిలిన చోట, సన్నని పగుళ్లు పాకుతాయి. అందుకే అలాంటి చోట వెల్డింగు అయ్యాక 620 డిగ్రీల ప్రాంతంలో కాచి ఆ లాగుడు తీసేస్తారు. ఏళ్ల తరబడి బాగున్న లైను, షట్‌డౌన్‌లో నీళ్లతో కడగకుండా నేరుగా స్టీమ్ పెట్టిన ఒక్కరోజులో పగిలిపోయిన సందర్భాలున్నాయి. అలాంటి ముక్కను నేను సూక్ష్మదర్శిని కింద చూశాను. పగులు తిన్నగా పోదు, లోహపు రేణువుల అంచుల వెంట చీలుతూ కొమ్మలు వేస్తుంది. బయటినుంచి చూస్తే మాత్రం పెయింటు కూడా చెదరలేదు. 1950 నవంబరు 26న నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశాస్త్ర పరిశోధనాలయం మా బర్మామైన్స్‌లోనే ఉంది. వాడకంలో ఉన్న గొట్టాలు, పాత్రలు ఇంకెన్నాళ్లు మన్నుతాయో లెక్కగట్టే విద్య అక్కడ నేర్చినవాళ్లు దేశమంతటా పనిచేస్తున్నారు.

చివరిగా, వాడేసిన కాస్టిక్‌ను ముందుగా తాకే మనిషి గురించి. అతను ఇంజనీరు కాదు, కెమిస్టూ కాదు. డ్రెయిన్ వాల్వు తిప్పే, ట్యాంకరుకు గొట్టం తగిలించే కాంట్రాక్టు కుర్రాడు. ఒకచోట, ఆ కంపెనీ పేరు అనవసరం, అలాంటి కుర్రాడి గమ్‌బూటులోకి కాస్టిక్ జారింది. యాసిడ్ అయితే వెంటనే మండేది. కాస్టిక్ అలా కాదు, చర్మంలోని కొవ్వును సబ్బుగా మారుస్తూ జిగటగా లోపలికి దిగుతుంది, నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. షిఫ్టు అయ్యాక బూటు విప్పేసరికి అతని మడమ దగ్గర మాంసం తెల్లబడిపోయి ఉంది. ఎవరూ అతనికి ముందుగా ఏమీ చెప్పలేదు. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అందుకే ఆదిత్యపూర్ వైపు నుంచి వచ్చే ఐటీఐ పిల్లలతో మాట్లాడే అవకాశం దొరికితే సమీకరణాల జోలికి వెళ్లను. వాడేసిన కాస్టిక్ వెళ్లే డ్రెయిన్‌లో యాసిడ్ పోయకూడదని చెబుతాను. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దాటితే కొన్ని నిమిషాల్లో ముక్కు మొద్దుబారి వాసనే తెలియదని, కంపు పోయింది కదా అని అక్కడే నిలబడొద్దని చెబుతాను. ఒంటి మీద కాస్టిక్ పడితే నిమ్మరసం, వెనిగర్ వెతుక్కోకూడదు. బట్టలు, బూట్లు విప్పేసి పారే నీళ్ల కింద నిలబడాలి. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని కనీసం పదిహేను నిమిషాలు ఆపకుండా నీళ్లు పోయాలి, ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలో కూడా పోస్తూనే ఉండాలి. డాక్టరుకు చెప్పే మొదటి మాట, పడింది యాసిడ్ కాదు, కాస్టిక్ అని.